మూడు తరాల ‘కృష్ణ’ నౌక

తిరువూరు: సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతులు ఎదురుచూసే కృష్ణమ్మ పేరు సముద్రం మీదా ఉంది. తాత పేరు మనవడికి పెట్టినట్లు, విరమించిన నౌక పేరు కొత్త నౌకకు పెట్టడం నౌకాదళ ఆచారం.

మొదటి నౌక 1943లో బ్రిటన్‌లో తయారైంది. దొరల నోట దాని పేరు ‘కిస్ట్నా’. బర్మా తీరంలో పోరాడింది. స్వాతంత్ర్యానంతరం ‘కృష్ణ’ అయి, శిక్షణ నౌకగా పనిచేసి 1981లో విరమించింది. రెండవది 1995లో బ్రిటన్ నుంచి కొన్న పాత యుద్ధనౌక. అదీ శిక్షణకే ఉపయోగపడి 2012లో విరమించింది. మూడవది మాత్రం మన దేశంలోనే, చెన్నై సమీపంలోని కాటుపల్లిలో తయారై జలప్రవేశం చేసింది. శిక్షణ కోసమే కట్టిన నౌక ఇది.

2022లో తిరువూరు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది. చిరునామాలో పోయిన పేరు నౌకపై నిలిచింది. అయితే ఆ నౌక ఎక్కేవారిలో ఈ ప్రాంతపు పిల్లలు ఉంటారా అన్నదే ప్రశ్న. ఇంటర్‌లో లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివేవారు నౌకాదళం కోసం ఎన్.డి.ఎ. పరీక్ష రాయవచ్చు. 2022 నుంచి ఆడపిల్లలకూ అందులో ప్రవేశం ఉంది. ఈ సంగతి పల్లెల్లో చెప్పేవారు కావాలి.