పాపము వేరు, దండము వేరు



అమెరికాలో స్థిరపడిన మా ఆలయ భక్తులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి కలదు. "అయ్యవారూ, భ్రూణహత్య మహాపాపమని మీరే చెబుతారు కదా! అయితే గర్భస్రావాన్ని నిషేధిస్తామనే అభ్యర్థికే ఓటు వేయడం మన ధర్మం కాదా?" ప్రశ్న సద్బుద్ధితో పుట్టినదే. కాని అందులోని "అయితే" అనే చిన్న పదంలోనే దోషమంతా దాగి ఉన్నది.

నా పక్షాన్ని ముందే విస్పష్టం చేస్తాను. గర్భం కేవలం మాంసపిండమనే వాదాన్ని వైదికుడు అంగీకరించలేడు. గర్భాధానం, పుంసవనం, సీమంతోన్నయనం అని జననానికి పూర్వమే మూడు సంస్కారాలను విధించిన సంప్రదాయం మనది. భ్రూణహత్యను ధర్మశాస్త్రాలు ఘోరపాపాలలో పరిగణించాయి. ఇందులో నాకు సంశయం లేదు.

అయినను పాపానికి ప్రతిక్రియ ప్రాయశ్చిత్తం, అపరాధానికి ప్రతిక్రియ దండం. యాజ్ఞవల్క్యస్మృతి ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్తములని మూడు భాగాలుగా విభక్తమై ఉన్నది. ఈ విభాగం నిరర్థకం కాదు. సంధ్యావందనం మానడం దోషమే. మానినవానిని చెరసాలలో వేయమని ఎవరు కోరుతారు?

"ఇక్కడ ప్రాణహాని ఉన్నది కదా" అని పూర్వపక్షి అనవచ్చు. ఆక్షేపణ సమంజసమే. కాని జీవుడు గర్భంలో ఎప్పుడు ప్రవేశిస్తాడు? శుక్రశోణిత సంయోగంలోనే జీవుడు చేరుతాడని చరకుడు. ఏడవ మాసంలో జీవసంయోగమని గర్భోపనిషత్తు. మన గ్రంథాలలోనే ఏకవాక్యత లేని విషయంలో రాజ్యం ఎవరి సిద్ధాంతాన్ని ప్రమాణంగా గ్రహించాలి? "మతం చట్టాన్ని శాసించాలి" అనేవారు ఆ మతం తమదే అవుతుందని భ్రమిస్తున్నారు.

ఆ భ్రమకు ఐర్లండు సమాధానం చెప్పింది. అక్కడ క్రైస్తవ కాథలిక భావన ప్రాబల్యంతో 1983లో రాజ్యాంగాన్ని సవరించి గర్భస్థ శిశువుకు తల్లితో సమానమైన జీవనహక్కు కల్పించారు. 2012 అక్టోబరులో సవిత హలప్పనవర్ అనే కన్నడ దేశపు హిందూ యువతి, 31 ఏళ్ల దంతవైద్యురాలు, 17 వారాల గర్భంతో ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలువదని వైద్యులకు తెలిసినను, శిశువు హృదయస్పందన ఉన్నదన్న కారణంతో ఆమె కోరిన గర్భవిచ్ఛేదం జరుగలేదు. శిశువూ దక్కలేదు; రక్తం విషపూరితమై తల్లీ మరణించింది. 2018 మే 25న ఆ దేశ ప్రజలు దాదాపు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆ అధికరణాన్ని తొలగించారు. మృతగర్భాన్ని ఛేదించి తీసి తల్లిని కాపాడే విధానాన్ని సుశ్రుతుడు ఏనాడో విస్తరించి చెప్పాడు. తల్లి ప్రాణం పట్ల మన వైద్యశాస్త్ర దృష్టి అట్టిది.

అమెరికాలో 1973 నాటి రో తీర్పును సుప్రీంకోర్టు 2022 జూన్ 24న రద్దు చేసి, నిర్ణయాధికారాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. టెక్సాస్ వంటి రాష్ట్రాలలో దాదాపు సంపూర్ణ నిషేధం అమలైంది. అయితే 2024 నవంబరులో మిస్సోరి, అరిజోనా ఓటర్లు ట్రంపును గెలిపిస్తూనే, అదే రోజున గర్భస్రావ హక్కునూ ఆమోదించారు. ఈ ఒక్క విషయమే ఓటును శాసించాలనే సిద్ధాంతాన్ని అక్కడి వారే అంగీకరించలేదు. మనవారు దానిని అరువు తెచ్చుకొని సనాతనధర్మమని పేరు పెట్టడం ఎందుకు?

ఇక మన ఇంటి మాట. స్వదేశంలో 1971 నుండే షరతులతో గర్భస్రావం చట్టసమ్మతం. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు అవధిని 24 వారాలకు పెంచింది. లింగనిర్ధారణను 1994 చట్టం నిషేధించింది. అయినను ఆరేళ్ల లోపు వెయ్యిమంది బాలురకు 2001లో 927 మంది ఉన్న బాలికలు, 2011 నాటికి 920 కంటె తగ్గారు. ఈ లోపం అన్యమతస్థుల వలన వచ్చినది కాదు. "ఈసారైనా మగబిడ్డ" అని సంకల్పం చెప్పించుకున్నవారు నా ఎదుటే కూర్చున్నారు. ఒక గృహస్థు "రెండుసార్లు తీయించాము" అని తలదించుకొని చెప్పినప్పుడు నేను కారణం అడుగలేదు. శాంతి జరిపించి సంభావన గ్రహించాను. ఆ మౌనం నా పాపం. విదేశీ చట్టం గురించి ఉపన్యసించే ముందు మనమందరం ఈ భ్రూణహత్యకు సమాధానం చెప్పాలి.

ఎవరికి ఓటు వేయాలో నేను చెప్పను. మన దేశంలో మతం పేరిట ఓటు అడగడం 1951 చట్టం ప్రకారం అక్రమాచరణం. అమెరికాలో పన్ను మినహాయింపు పొందే ఆలయాలు అభ్యర్థిని సమర్థించరాదని చట్టపాఠం. ఏమి అడగాలో మాత్రం చెబుతాను. తల్లి ప్రాణాపాయంలో వైద్యుడు కారాగారభయం లేకుండా చికిత్స చేయగలడా? అత్యాచారపీడితకు ఆ చట్టం ఏమి చెబుతున్నది? గర్భరక్షణ గురించి గర్జించే అభ్యర్థి, ప్రసవించిన తల్లికి ఏమి ఇస్తున్నాడు? అమెరికా సమాఖ్య చట్టం 1993 నుండి ఇస్తున్నది వేతనం లేని 12 వారాల సెలవు మాత్రమే. పుట్టేవరకే శిశువును ప్రేమించే రాజకీయం ధర్మం కాదు.

గర్భాన్ని పూజ్యంగా భావించండి. మీ ఇంట్లో, మీ కోడలి విషయంలో, మీకు పుట్టబోయే ఆడబిడ్డ విషయంలో. ఆ వ్రతానికి ఏ అభ్యర్థి అనుమతీ అవసరం లేదు. ఓటు వేసేటప్పుడు మాత్రం ఆ చట్టం క్రింద నలిగే స్త్రీని మీ కుమార్తెగా స్మరించి మీట నొక్కండి.

ఇతి శమ్.