నడుము నొప్పికి సూదే మందా?

"సిస్టరమ్మా, ఒక్క సూది వేయండి, రేపు నాట్లకు వెళ్లాలి" అని అడిగే తల్లులను మేము ఏటా చూస్తున్నాము. వారి నొప్పి నిజమే, కూలి పోతుందన్న భయమూ నిజమే. అయినా నెలల తరబడి వేధించే నడుము నొప్పికి సూది మందు కాదని మా అభిప్రాయము.

మూడు నెలలు దాటిన నొప్పికి ట్రమడాల్ వంటి మత్తు గుణమున్న మందులు మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. వాటికి శరీరము అలవాటు పడుతుంది. చీటీ లేకుండా కొనుక్కున్న డైక్లోఫెనాక్ బిళ్లలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

మరి ఏమి చేయాలి? మంచము పట్టవద్దు. రోజూ పది నిమిషాలు నడవండి, కొద్దికొద్దిగా పెంచండి. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు మానవద్దు. బిందె ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకోండి. నాట్లలో మధ్యమధ్య లేచి నిలబడండి. వేడి కాపడము పెట్టుకోండి. అయితే కాళ్లలో బలము తగ్గినా, మలమూత్రాలు అదుపు తప్పినా, నొప్పితో జ్వరమున్నా వెంటనే ఆసుపత్రికి రండి.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. సూదికి ఒక్క నిమిషము చాలు, వ్యాయామము నేర్పడానికి అరగంట పడుతుంది. రద్దీ రోజుల్లో మేమూ సులువైన దారి పట్టాము. ఇకపై ఆ అరగంట అడగండి, ఇవ్వడము మా బాధ్యత.

కుటుంబాలకు ఒక్క మాట: ఆ తల్లి కొరకు ప్రార్థించండి, ఆమె చేతిలోని బిందె కూడా అందుకోండి.