ఉచితమంటే ఊరకే వచ్చినది కాదు

యీ నెల ఒక చలిదేశపు సంగతి చెప్పుకుందాం. నార్వే రాజధాని ఓస్లో చుట్టూ మార్కా అనే పెద్ద అడవి వున్నది. శీతకాలంలో ఆ ఊరివాళ్లు పిల్లా పెద్దా అందరూ కాళ్లకు పొడవాటి సన్నని పలకలు తగిలించుకొని, చేత రెండు కర్రలు పట్టుకొని, ఆ అడవిలో మంచుమీద జారుతూ మైళ్లకొద్దీ తిరిగివస్తారు. దీనినే స్కీయింగు అంటారు. కొండమీదనుంచి దూకే పందెం కాదిది. మనవాళ్లు సాయంత్రం ఏటి ఒడ్డుకు షికారు పోవటం వంటిది. టిక్కెట్టు లేదు, గేటు లేదు.

1957లో అక్కడ ఒక చట్టం చేశారు. అడవిలోగాని, కొండమీదగాని, మంచు కప్పిన పొలంమీదగాని ఎవరైనా పోవచ్చు. ఆసామీ అనుమతి అడగనక్కరలేదు. 2009లో మరొక చట్టం ఓస్లో అడవిలో కట్టడాలకు అడ్డుకట్ట వేసింది.

అయితే చదువరులు ఒకటి గమనించాలి. చట్టం పోయే హక్కు ఇచ్చిందే కాని బాట వేసిపెట్టలేదు. కొత్తగా పడిన మంచు మెత్తగా వుండి కాలు దిగబడుతుంది. దానిని యంత్రంతో తొక్కించి, గట్టిపరచి, బండిచక్రాల జాడవలె రెండు గాడులు తీయాలి. జనం వచ్చేలోపల మంచు బిగుసుకోవాలి గనుక తరచు రాత్రివేళనే యీ పని చేస్తారు. మళ్లీ మంచు పడిందా, మళ్లీ మొదటికే! వేసవిలోనూ తీరిక లేదు. పొదలు కొట్టాలి, పడిన చెట్లు తీయాలి, వాగులమీద వంతెనలు బాగుచేయాలి. నేల చదునుగా వుంటే కొద్దిపాటి మంచుకే బాట సిద్ధమవుతుంది. శీతకాలాలు వేడెక్కుతున్న యీ రోజుల్లో యిది మరీ ముఖ్యం.

యీ భారం మోస్తున్నవారిలో పేరుగన్నది 1883లో పుట్టిన స్కీఫోరెనింగెన్ అనే సంఘం. సభ్యుల చందాలు దానికి ఆధారం. చందా కట్టినవాడూ కట్టనివాడూ ఒకే బాటమీద పోతారు.

“అట్లయితే కట్టటమెందుకు?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గేటు పెట్టి రుసుము వసూలు చేస్తే కొంత డబ్బు రావచ్చు. కాని నలుగురు పిల్లలున్న సంసారి ముందుగా మానుకుంటాడు. నేడు పిల్లలు రాకపోతే ఇరవై ఏళ్లకు చందాదారులెవరు? అన్నివైపులా దారులున్న అడవికి కాపలా ఎవరు? అందుకని కలిగినవాడు చందా ఇస్తాడు, లేనివాడు ఒళ్లు వంచుతాడు. నలుగురూ కలసి జీతం లేకుండా చేసే పనికి వారి భాషలో దుగ్నాద్ అని పేరు. తమిళనాట చెరువులకు మనమెరిగిన కుడిమరామత్తు యీ కోవలోనిదే. ఆ ఆచారం సడలినచోట చెరువులేమైనవో మనం చూశాం.

మన బిడ్డలెందరో నేడు మంచుదేశాల్లో కాపురాలు చేస్తున్నారు. ఫోనులో మాట్లాడేటప్పుడు యీ నాలుగు ముక్కలూ చెప్పండి: “నాయనా, మీ ఊళ్లో అటువంటి బాట వుంటే పిల్లలను తీసుకుపో. నడిచేటప్పుడు గాడులు తొక్కి చెరపకు. ఏడాదికొకసారి, ఎవరూ అడగకముందే, చందా కట్టు. వేసవిలో ఒక పూట పోయి పొదలు కొట్టిరా. ఆ పని చేసేవాళ్లతో పరిచయమైతే ఆ ఊరు నీకు పరాయి ఊరు కాదు.”