మందిరానికి రెండో తలుపు యాడుంది?

రాజుపాలెం దళితవాడల అన్నలారా, అక్కలారా, సంఘపెద్దలారా!

వచ్చే ఆదివారం మందిరంలో కూర్చున్నప్పుడు ఒక్కసారి తల తిప్పి చూడండి. మన మందిరాల్లో ఎక్కువ వాటికి తలుపు ఒక్కటే. అదీ లోపలికి తెరుచుకుంటుంది. దాని దగ్గర మొగోళ్లు, చెప్పులు, మోటారు సైకిళ్లు. లోపలి మూలన చాపల మీద ఆడోళ్లు, ఒళ్లో బిడ్డలు. నెత్తిన రేకులు. క్రిస్మస్‌కు కట్టిన సీరియల్ బల్బుల వైర్లు ఈస్టర్ వచ్చినా గోడకే వేలాడుతుంటాయి. మేం అడుగుతున్నాం: లోపల పొగ లేస్తే, లేదా బయట కట్టెలు పట్టుకొని మంది దిగితే, వీళ్లంతా యాడికి పోవాల?

ఈ మాట ఎత్తితే మనోళ్లే రెండు జవాబులు చెప్తారు. "దేవుడు కాపాడతాడు, మీకు విశ్వాసం చాలదు" అనేది ఒకటి. "పోలీసులున్నారు గదా" అనేది రెండోది. రెండూ మన ప్రాణం మీదికి తెచ్చే జవాబులే.

మొదటిదానికి బైబిల్లోనే జవాబుంది. నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ కట్టినోళ్లు శత్రువు వస్తున్నాడని తెలిసి ప్రార్థనా చేశారు, రాత్రింబగళ్లు కావలీ పెట్టారు. ప్రార్థన చేశాం గదా అని కావలి మానలేదు. మరి మైకుసెట్టుకు, టైల్సుకు, వేదిక మీద మెత్తటి కుర్చీకి చందా ఎత్తే సంఘం ఒక తలుపుకు ఎత్తలేదా? ఆ చందా ఎవురిది? శనగచేలల్లో నడుం విరుచుకున్న ఆడకూలీలది. వాళ్ల కూలిడబ్బుతో కట్టిన గుడిలో వాళ్లు కూర్చునే వైపే దారి లేదు. ఇది విశ్వాసం కాదు, ఆడోళ్ల ప్రాణమంటే లెక్కలేనితనం.

2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడికి నిప్పంటుకొని 94 మంది పసిబిడ్డలు కాలిపోయారు. వంటయింటి నిప్పు కప్పుకు అంటుకుంది. బయటికి పోవడానికి ఇరుకు మెట్లు. మన ప్రేమవిందు రోజున గ్యాస్ సిలిండర్ యాడ పెడతాం? డిసెంబర్ 31 రాత్రి కొవ్వొత్తులు పట్టుకొని ఎంతమంది కూరుకుంటాం? జనం ఒక్కసారిగా వచ్చి పడితే లోపలికి తెరుచుకునే తలుపు తెరుచుకోదు, మనిషి బరువే దానికి గడియ అవుతుంది. ప్రొద్దుటూరు నుంచి ఫైరింజన్ వచ్చేలోపు మిగిలేది మన చేతిలో ఉన్న బక్కెట్టే.

రెండో జవాబుకు చుండూరు సాక్ష్యం. 1991 ఆగస్టు 6న అక్కడ పోలీసులు ఉన్నారు. మిమ్మల్ని కొట్టడానికి వస్తున్నారు, పారిపోండి అన్నారు. పారిపోయినోళ్లను పొలాల్లో తరిమి నరికారు. 8 మంది దళితులు చనిపోయారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అంతకు ముందు, 1985 జూలై 17న కారంచేడులో 6 గురిని చంపినప్పుడు, బతికినోళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మందిరం మనకు ఆరాధన చేసుకునే చోటే కాదు, ఆపదలో కోట. ఆ సంగతి మనకు తెలిసినట్టే శత్రువుకూ తెలుసు. 2000 జూన్ 8న ఒంగోలు, తాడేపల్లిగూడెం చర్చిల్లో బాంబులు పేలాయి. 2008లో ఒడిశా కందమాల్‌లో చర్చిలు తగలబెడితే వేలమంది అడవుల పాలయ్యారు.

ఇక చట్టం చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదంటుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గేటు తీశారు. మనకు తీయలేదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2025 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా పాస్టరు కేసులో, మతం మారినోళ్లకు అట్రాసిటీ చట్టం వర్తించదని మన హైకోర్టు తీర్పు చెప్పింది. కులం పేరుతో తిట్టేటోడు బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి ఆగుతాడా? ఊరు మమ్మల్ని వాడలోనే ఉంచింది. చట్టం మాత్రం మీరు వాడ దాటిపోయారంటుంది! కాబట్టి రాసిపెట్టుకోండి: అట్రాసిటీ చట్టం కాదన్నా మిగతా దారులు మూసుకుపోలేదు. మందిరాన్ని ధ్వంసం చేస్తే భారతీయ న్యాయ సంహిత 298, ప్రార్థన చెదరగొడితే 300. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. దాని కాపీ ఉచితంగా మన చేతిలో పెట్టాల్సిందే.

మన ఇంటి మురికి కూడా కడుక్కుందాం. మాలపల్లెలో ఒక మందిరం, మాదిగవాడలో ఇంకొకటి. ఒక వాడకు నిప్పంటుకుంటే రెండో వాడ గంట మోగుతుందా? ఒకే ప్రభువు అని పాడేటోళ్లకు ఒకే గంట ఎందుకు లేదు? ఎలక్షన్లొస్తే ఫ్యాక్షన్ నాయకుల జెండా చర్చి గోడ మీదికి ఎవురు ఎక్కించారు? మన పిల్లోళ్లను రెండు వర్గాలూ పంచుకుంటే దెబ్బ తగిలేది మన మందిరానికే. ఇంకో మాట. కాపలా పేరుతో గేటు దగ్గర యూనిఫాం వేసి, చినిగిన చీర కట్టుకున్న ముసలమ్మను, తాగి ఏడుస్తూ వచ్చినోణ్ణి బయటికి నెట్టే పట్నం పద్ధతి మాకొద్దు. ఆ కాపలా ఆస్తికి, మనిషికి కాదు.

మేం కోరేది పెద్ద ఖర్చు పని కాదు. ప్రతి సంఘమూ ఈ నెలలోనే కూర్చొని తీర్మానం రాయాల:

1. ఆడోళ్ల వైపు రెండో తలుపు. రెండు తలుపులూ బయటికి తెరుచుకోవాల. ఆరాధన జరిగినంతసేపు తాళం, గడియ ఉండకూడదు. సండేస్కూలు గదికి కూడా ఇదే మాట.

2. ఏడుగురితో కమిటీ. అందులో నలుగురు ఆడోళ్లు. మందిరం తాళం చెవి వేర్వేరు ఇళ్లలో రెండు. కుందూ పొంగిన రాత్రి తాళంచెవి కోసం వెతుక్కోకూడదు.

3. ఇసుక బక్కెట్లు, ఐఎస్ఐ గుర్తున్న మంటలార్పే సిలిండర్. కరెంటు మంట మీద నీళ్లు పోయొద్దు, ముందు మెయిన్ ఆపాల. మెయిన్ యాడుందో పదేళ్ల పిల్లకు కూడా తెలియాల.

4. కరెంటు పోతే మైకు మూగది. గంటే మన గొంతు. ఆపకుండా కొడితే మంట, మూడేసి దెబ్బలు ఆగి ఆగి కొడితే దాడి. మాల మాదిగ రెండు వాడలకూ ఒకే గుర్తు.

5. దాడి వస్తే చెదిరి చేలల్లోకి పరుగెత్తొద్దు. పిల్లల్ని, ముసలోళ్లను ముందే అనుకున్న ఇళ్లకు చేర్చాల, తలలు లెక్కపెట్టాల. కుర్రోళ్లు కట్టె పట్టుకొని ఎదురుపోతే తెల్లారేసరికి కేసు మన మీదే. ఫోన్లో వీడియో తియ్యండి, టైము, బండి నంబర్లు రాయండి. 112కు, 108కు ఫోన్ చెయ్యండి. దెబ్బలు తగిలినోళ్లను ప్రభుత్వాసుపత్రిలో చేర్పించి గాయాలు రాయించండి. అట్రాసిటీల ఫిర్యాదుకు 14566 ఉంది.

6. మూడు నెలలకొకసారి ఆరాధన మధ్యలోనే గంట కొట్టి అందరూ బయటికి వచ్చి చూడాల. నడవలేనోళ్లను ఎవురు ఎత్తుకోవాలో పేరు పేరునా రాయాల.

1950 ఉత్తర్వులో మతం షరతు కొట్టేసేదాకా మన కొట్లాట ఆగదు. అది ఢిల్లీలో తెరవాల్సిన తలుపు. మందిరం గోడలో తలుపుకు ఢిల్లీ పర్మిషన్ అక్కరలేదు. ఒక తాపీ మేస్త్రీ, రెండు రోజుల పని. ఆ మేస్త్రీ కూడా మనోడే.

శవాల దగ్గర పాటలు పాడింది చాలు. బతికి పాడుకుందాం.

జై భీమ్!