నగర్నార్ ఉక్కు: పద్దులు వేరయ్యాయి, పరీక్ష మిగిలే ఉంది

2023 అక్టోబర్ 3న బస్తర్‌లో రెండు దృశ్యాలు ఒకేసారి కనిపించాయి. జగదల్‌పూర్‌లో ప్రధాని నరేంద్ర మోదీ నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అదే రోజు ఆ కర్మాగారాన్ని ప్రైవేటుకు అమ్మొద్దంటూ, అప్పట్లో ఛత్తీస్‌గఢ్‌లో అధికారంలో ఉన్న కాంగ్రెస్ బస్తర్ బంద్‌కు పిలుపునిచ్చింది.

అమ్మాలా, వద్దా అన్న వాదన అప్పటి నుంచి నడుస్తూనే ఉంది. దాని చాటున మరో ప్రశ్న ఉండిపోయింది. బయటి పెట్టుబడిదారుడి ముందు నిలబడటానికి ఆ కంపెనీ లెక్కలు సిద్ధంగా ఉన్నాయా? వ్యాపారం పెరిగి, సొంత డబ్బు చాలక బయటి డబ్బు కోసం చూసే ప్రతి సంస్థకూ ఎదురయ్యే ప్రశ్నే ఇది. నగర్నార్ విషయంలో అది వేల కోట్ల స్థాయిలో ఎదురైంది.

హైదరాబాద్ సొమ్ము, బస్తర్ కర్మాగారం

నగర్నార్ కథ హైదరాబాద్‌తో ముడిపడి ఉంది. 1958లో ఏర్పడిన ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం ఇక్కడే. దంతెవాడ జిల్లా బైలాడిలా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వి అమ్మడం దాని అసలు వ్యాపారం. ఆ ఖనిజాన్ని బస్తర్‌లోనే ఉక్కుగా మార్చాలన్న ఆలోచనతో, జగదల్‌పూర్‌కు దగ్గరలో 1,980 ఎకరాల్లో ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యం గల కర్మాగారాన్ని తలపెట్టారు.

2020 అక్టోబర్‌లో కేంద్రం వెల్లడించిన వివరాల ప్రకారం సవరించిన అంచనా వ్యయం రూ.23,140 కోట్లు. అప్పటికి ఖర్చు చేసింది రూ.17,186 కోట్లు. అందులో రూ.16,662 కోట్లు ఎన్ఎండీసీ సొంత నిధులే. బాండ్ల ద్వారా తెచ్చింది రూ.524 కోట్లు మాత్రమే. అంటే దాదాపు 97 శాతం ఇంటి డబ్బు.

ఇంటి డబ్బుకు ఒక సుఖం ఉంది. నెల తిరిగేసరికి వడ్డీ అడిగేవారు ఉండరు. పని ఎందుకు ఆలస్యమైందని నిలదీసే బ్యాంకు ఉండదు. తండ్రి దుకాణం గల్లాపెట్టె నుంచి కొడుకు కొత్త వ్యాపారం నడిచినంత కాలం, ఆ వ్యాపారం నిజంగా ఎంత తింటోందో, ఎంత తెస్తోందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. బయటివాడు మొదట అడిగేది సరిగ్గా అదే.

ముందు వేరు చేసి, తర్వాత అమ్మకం

2016 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గ సంఘం నగర్నార్‌ను ఎన్ఎండీసీలో ఒక యూనిట్‌గానే అమ్మాలని నిర్ణయించింది. 2020 అక్టోబర్ 14న ఆ నిర్ణయాన్ని మార్చుకుంది. ముందు కర్మాగారాన్ని ప్రత్యేక కంపెనీగా విడదీయాలని, తర్వాతే వాటా అమ్మాలని తేల్చింది.

ఈ మార్పు వెనుక తర్కం ఉంది. యూనిట్‌ను కొనేవారికి యంత్రాలు, భూమి, ఒప్పందాల జాబితా దొరుకుతుంది. కంపెనీని కొనేవారికి దానికంటూ ఒక బ్యాలెన్స్ షీట్ దొరుకుతుంది. భూమి ఎవరి పేరు మీద ఉంది, కాంట్రాక్టర్ల బకాయిలు ఎవరు తీర్చాలి, బాండ్ల భారం ఎవరిది, ఉద్యోగులు ఎవరి జాబితాలో ఉన్నారు, మాతృ సంస్థకు ఎంత చెల్లించాలి? ఇలాంటి విభజనలో ఈ ప్రశ్నలన్నింటికీ కాగితం మీద జవాబు రాయాల్సిందే.

2022 అక్టోబర్‌లో విభజనకు అనుమతి వచ్చింది. ఎన్ఎండీసీలో ఒక షేరు ఉన్నవారికి ఎన్ఎండీసీ స్టీల్‌లో ఒక షేరు ఇచ్చారు. 2023 ఫిబ్రవరి 20న కొత్త కంపెనీ స్టాక్ మార్కెట్లలో నమోదైంది. అందులో కేంద్రం వాటా 60.79 శాతం. దానిలో 50.79 శాతాన్ని యాజమాన్య హక్కులతో సహా అమ్ముతామంటూ 2022 డిసెంబర్‌లోనే ఆసక్తి గలవారిని ఆహ్వానించారు. మిగిలిన 10 శాతం ఎన్ఎండీసీకి ఇవ్వాలన్నది ప్రణాళిక. అయితే అమ్మకం పూర్తి కాలేదు.

తేదీల్లో ఉన్న చిక్కు

కొనుగోలుదారులను పిలిచింది 2022 డిసెంబర్‌లో. కర్మాగారం నుంచి తొలి హాట్ రోల్డ్ కాయిల్ బయటికి వచ్చింది 2023 ఆగస్టులో. అంటే, పద్దులు వేరయ్యే నాటికి ఆ పద్దుల్లో అమ్మకాల వరుస ఖాళీగానే ఉంది.

నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టుకు చేసే ఖర్చు, దాని కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ ఆస్తి విలువలో కలిసిపోతాయి. లాభనష్టాల పట్టికలో కనిపించవు. ఉత్పత్తి మొదలైన రోజు నుంచి పరిస్థితి తిరగబడుతుంది. వడ్డీ, తరుగుదల, జీతాలు, బొగ్గు బిల్లు అన్నీ ఒక్కసారిగా లాభనష్టాల ఖాతాలోకి వచ్చి పడతాయి. అమ్మకాలు మాత్రం నెమ్మదిగా పెరుగుతాయి.

నగర్నార్‌లో జరిగిందీ అదే. 2023-24లో నష్టం రూ.1,500 కోట్లు దాటింది. 2024-25లో అమ్మకాలు సుమారు రూ.8,500 కోట్లకు చేరినా, నష్టం రూ.2,300 కోట్లు మించింది. 2025 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో సుమారు రూ.25 కోట్ల లాభం కనిపించింది. తర్వాతి త్రైమాసికంలో మళ్లీ నష్టమే.

లాభం వచ్చిన ఆ త్రైమాసికంలోనే, ఏప్రిల్ 21 నుంచి, కేంద్రం దిగుమతి అయ్యే ఫ్లాట్ ఉక్కు రకాలపై 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించింది. జాగ్రత్త గల పెట్టుబడిదారుడు లాభం ఎంత అని అడిగి ఊరుకోడు. అందులో కర్మాగారం పనితీరు వల్ల వచ్చింది ఎంత, సుంకం వల్ల వచ్చింది ఎంత అని అడుగుతాడు.

ఇనుప ఖనిజం ధర ఇంకో ప్రశ్న. యూనిట్‌గా ఉన్నప్పుడు గని, కొలిమి ఒకే ఇంటివి. ఇప్పుడు ఖనిజం అమ్మేది ఒక కంపెనీ, కొనేది మరొకటి. ధర తగ్గితే ఎన్ఎండీసీ వాటాదారుకు నష్టం, పెరిగితే స్టీల్ కంపెనీ వాటాదారుకు నష్టం. దీర్ఘకాలిక ఒప్పందం, ధర లెక్కించే పద్ధతి స్పష్టంగా లేకపోతే కొనేవారు ఆ అనుమానం మేరకు ధర తగ్గించుకునే అడుగుతారు.

విశాఖ చెప్పే రెండో సగం

విశాఖ ఉక్కు కథ దీనికి భిన్నం. ఆర్ఐఎన్ఎల్‌కు మొదటి నుంచీ సొంత పద్దులు ఉన్నాయి. దశాబ్దాల ఉత్పత్తి చరిత్ర ఉంది. లేనిది సొంత ఇనుప గని. చివరికి నిర్వహణ మూలధనానికే కటకటలాడే స్థితి వచ్చింది. 2021 జనవరిలో వంద శాతం అమ్మకానికి సూత్రప్రాయ ఆమోదం తెలిపిన కేంద్రమే, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో రూ.10,300 కోట్లు వాటా మూలధనం. ఊపిరి ఆడని స్థితిలో వచ్చే డబ్బుకు షరతులు రాసేది ఇచ్చేవారే.

రెండింటినీ పక్కపక్కన పెడితే విషయం తేలుతుంది. పద్దులు వేరు చేయడం వల్ల ఏది ఎవరిదో తెలుస్తుంది. ఆ వ్యాపారం తన కాళ్ల మీద తాను నిలబడగలదా అన్నది మాత్రం కొన్నేళ్ల అమ్మకాలు, నగదు రాకపోకలు చూస్తేనే తెలుస్తుంది. పెట్టుబడిదారుడు ధర కట్టేది ఈ రెండోదానికి. దాన్ని చూపడానికి తగినంత వ్యవధి ఉన్నప్పుడే బయటికి వెళ్లాలి.

చింతపండు వ్యాపారికీ ఇదే లెక్క

జగదల్‌పూర్‌లో చింతపండు శుద్ధి చేసే చిన్న కంపెనీ అయినా, హైదరాబాద్‌లో విడిభాగాలు చేసే సంస్థ అయినా అప్పుకో, వాటాకో వెళ్లే ముందు చేయాల్సిన పని ఇదే. యజమాని ఇంటి ఖర్చు, కంపెనీ ఖర్చు వేరు కావాలి. బంధువుల సంస్థ నుంచి కొన్న సరుకుకు ధర, ఒప్పందం కాగితం మీద ఉండాలి. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పద్దు పుస్తకాలు ఒకే మాట చెప్పాలి. రావాల్సిన బాకీల్లో ఎన్ని మూడు నెలలు దాటాయో తెలియాలి. వచ్చే ఏడాదిలో ఏ నెల నగదుకు కొరత వస్తుందో ముందే రాసుకోవాలి.

స్థానిక మెలికలూ ఉంటాయి. ఎండు చింతపండుపై 2019 అక్టోబర్ నుంచి జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకు కాబట్టి, దాని కోసం కొన్న యంత్రం మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. అది నేరుగా ఖర్చే. ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైన మహిళా సంఘాలు బయటివారికి షేర్లు అమ్మలేవు. వాటికి బయటి డబ్బంటే ప్రధానంగా అప్పే. అప్పు ఇచ్చేవారు నగదు రాకపోకలనే చూస్తారు.

లెక్కలు ఎవరి కోసం?

నగర్నార్‌ను అమ్మితే తామే కొంటామని 2020 డిసెంబర్‌లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. భూములు ఇచ్చిన కుటుంబాలకు అది ఉద్యోగాల ప్రశ్న. ఈ చర్చలో లెక్కల మాట ఎత్తితే అమ్మకం వైపు మాట్లాడినట్టు చాలామందికి అనిపిస్తుంది. నిజానికి ప్రభుత్వం చేతిలోనే ఉన్నా ఆ కర్మాగారానికి బ్యాంకులు కావాలి, బొగ్గుకు నిర్వహణ మూలధనం కావాలి. ఖనిజం ధర, అప్పుల గడువు, టన్నుకు మిగులు ఎంతో బయటపెట్టగలిగిన కంపెనీ తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకుంటుంది. చూపలేని కంపెనీ చివరికి ఎవరు ఎంత ఇస్తే అంతకు ఒప్పుకోవాల్సి వస్తుంది. నగర్నార్‌ను అమ్మొద్దనేవారే ఆ లెక్కలు ముందుగా అడగాలి.