చిన్న అంకె చూసి మోసపోవద్దు



కామారెడ్డిలో డిగ్రీకి వచ్చాక మనలో చాలామందిమి స్కాలర్‌షిప్ డబ్బుకు, అమ్మానాన్నలు కూలి చేసి దాచిన డబ్బు కలిపి పాత కంప్యూటరో, ల్యాప్‌టాపో కొంటాము. ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి "మెగాహెర్ట్జ్ ఎక్కువుండాలి, సీఎల్ తక్కువుండాలి" అనే మాట వినబడుతుంది. ఈ రెండు అంకెలనూ విడివిడిగా నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దని మా అభిప్రాయం.

ఎల్లారెడ్డి వైపు పొలాలున్నవాళ్లకు పోచారం కాలువ తెలుసు. తూము ఎత్తగానే మడిలోకి నీళ్లు రావు, కొంతసేపు ఆగాలి. ప్రాసెసర్ అడిగిన సమాచారం ర్యామ్ నుంచి వచ్చేదాకా అట్లా ఆగే సమయమే లేటెన్సీ. కాలువ ఎంత వెడల్పన్నది వేరే సంగతి.

సీఎల్ అంటే ఎన్ని క్లాక్ టిక్కుల సేపు ఆగాలో చెప్పే అంకె. ఒక్కో టిక్కు ఎంతసేపో కూడా చూడాలి కదా! లెక్క సులువే. సీఎల్‌ను 2000తో హెచ్చించి, ర్యామ్ మీద రాసిన వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. డీడీఆర్3 1600, సీఎల్ 11 అయితే 13.75. డీడీఆర్4 3200, సీఎల్ 16 అయితే 10. డీడీఆర్5 6000, సీఎల్ 30 అయినా 10 మాత్రమే. అంకెల్లో 11 చిన్నది, ఆలస్యంలో మాత్రం అదే పెద్దది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ర్యామ్ చాలకపోతే కంప్యూటర్ డిస్కులో వెతుక్కుంటుంది. పాత హార్డ్‌డిస్కులో ఒక్కసారి వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు, అంటే కోటి నానోసెకన్లు! అక్కడ కోటి పోతుంటే ఇక్కడ మూడు నాలుగు నానోసెకన్ల కోసం ఎక్కువ ధర పెట్టడం తెలివి కాదు. కాబట్టి ముందు సరిపడా జీబీలు, తర్వాత ఒకే రకం స్టిక్కులు రెండు, ఆ తర్వాతే టైమింగులు. 3200 ర్యామ్ కొన్నా, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ పెట్టకపోతే కొన్ని 2133 లేదా 2666 వేగంతోనే నడుస్తాయి. మదర్‌బోర్డు ఒప్పుకుంటే పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

"హాస్టల్ పిల్లలకు టైపింగ్ వస్తే చాలు, ఇవన్నీ ఎందుకు?" అనేవాళ్లున్నారు. మేము ఒప్పుకోము. రూపాయి రూపాయి కూడబెట్టి కొనేవాళ్లకే ఈ లెక్క ఎక్కువ అవసరం.

పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. హాస్టల్‌కు కంప్యూటర్ ఇస్తే దానితోపాటు మీ ఆదివారం ఒకటి కూడా ఇవ్వండి. మూత విప్పి ర్యామ్ తీసి, మా చేతులతోనే మళ్లీ పెట్టించండి.