వేసవి కూలి, విదేశీ చదువు

రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తి అయినది. ఆ దారిన వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు మందిర్ హసౌద్ మొదలుకొని రాయపూర్ రైల్వే కాలనీల వరకు నేటికీ ఉన్నాయి. తాతలు కూలికై ఇంత దూరం రాగా, మనుమలు పైచదువులకై అమెరికాకు, బ్రిటన్‌కు, ఆస్ట్రేలియాకు పోతున్నారు. ఇది సంతోషించదగినదే. అయితే బిడ్డను పంపే ఇంట వేసుకునే లెక్కలో ఒక పద్దు మనలను కలవరపెడుతున్నది. "ఫీజుకు అప్పు తెద్దాం, తిండికీ అద్దెకూ వాడే వేసవిలో పనిచేసి సంపాదించుకుంటాడు" అన్నదే ఆ పద్దు.

చదువుకుంటూ కూలి చేయుట చిన్నతనం కాదు. జయప్రకాశ్ నారాయణ్ 1922లో కాలిఫోర్నియా చేరి, విశ్వవిద్యాలయంలో చేరుటకు ముందు ద్రాక్షతోటలలో కూలి చేశారు; ఆ తరువాత గిన్నెలు కడిగి చదివారు. బర్క్‌లీలో ఫీజు పెరగగా అయోవాకు తరలిపోయారు. 1929లో స్వదేశం చేరిన ఆయన తదుపరి కాలంలో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌కూ, తపాలా ఉద్యోగుల సంఘానికీ అధ్యక్షులైన సంగతి మన పాఠకులకు కొత్త కాదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా ఆ కాలంలోనే బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువు సాగిస్తూ ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచారు.

కాని వారానికి ఇన్ని గంటలే పనిచేయవలెనన్న వీసా కట్టుబాటు 1922లో లేదు. నేడు ఉన్నది. అమెరికాలో విద్యార్థి వీసాపై ఉన్నవారు తరగతులు జరిగే రోజులలో విశ్వవిద్యాలయ ఆవరణలోనే వారానికి 20 గంటలు పనిచేయవచ్చు; సెలవులలో పూర్తికాలం చేయవచ్చు. ఆవరణ దాటి చేయాలంటే ప్రత్యేక అనుమతి కావలెను. వేసవి అయినంత మాత్రాన పెట్రోలు బంకులోనో, హోటలులోనో చేరిపోవచ్చుననుకొనుట పొరపాటు. బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థికి సెలవులలో గంటల పరిమితి లేదు, కాని ఎం.ఎస్. విద్యార్థికి వేసవి సాధారణంగా సెలవే కాదు. అది పరిశోధన వ్యాసం వ్రాసే కాలం గనుక 20 గంటల నిబంధనే వర్తిస్తుంది. దీనిని ఏజెంటు చెప్పడు. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుండి తరగతుల కాలంలో రెండు వారాలకు 48 గంటలు, కెనడాలో 2024 నవంబరు నుండి వారానికి 24 గంటలు పరిమితి.

ఇక కూలి మాట. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం 2009 నుండి గంటకు 7.25 డాలర్ల వద్దనే నిలిచి ఉన్నది. అనేక రాష్ట్రాలలో ఇంతకంటె ఎక్కువే; అయినను కనీసపు లెక్కే వేద్దాం. పన్నెండు వారాలు, వారానికి 40 గంటల చొప్పున 480 గంటలు. మొత్తం 3,480 డాలర్లు, అదీ పన్నుకు ముందు. సంవత్సరపు ఫీజు, అద్దె, బీమాల ఎదుట ఇది ఏ మూలకు? ఆ లోటును పూడ్చుటకే పిల్లలు లెక్కలో చేరని పనికి పోతారు. లెక్కలో లేని పనికి లెక్కలో ఉన్న వేతనం దొరకదు.

2015లో ఆస్ట్రేలియాలో బయటపడిన సెవెన్-ఎలెవెన్ దుకాణాల వ్యవహారం ఈ కిటుకును విప్పి చూపినది. విదేశీ విద్యార్థులచేత వారానికి 40 గంటలు పనిచేయించి, పుస్తకంలో 20 వ్రాసి, సగం కూలి చేతిలో పెట్టినవారున్నారు. అడిగితే "నీ గంటలు మించినవి, వీసా పోతుంది" అన్న బెదిరింపు. చివరకు 15 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా బకాయిలు కార్మికులకు తిరిగి చెల్లించవలసి వచ్చినది. పనిగంటలను ఎవరు, ఎక్కడ వ్రాస్తారన్నది ఎంతటి సమస్యయో 1973లో పది గంటల డ్యూటీ కొరకు ఇంజన్లు ఆపిన లోకో సిబ్బందికి మనం బోధించనక్కరలేదు.

మన తెలుగు బిడ్డల అనుభవం మరింత చేదు. 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వమే మిచిగాన్‌లో నెలకొల్పిన ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయంలో పేర్లు నమోదు చేసుకున్న 129 మంది భారతీయులు అరెస్టయ్యారు; వారిలో తెలుగువారే అధికం. తరగతులు లేకున్నా పని అనుమతి దొరకుటయే అక్కడి ఆకర్షణ. ప్రభుత్వం వల పన్నుట న్యాయమా అన్న ప్రశ్న ఉన్నది. అప్పు తరుముతుండగా వల కనిపించకపోవుటయూ ఉన్నది.

దీనికి భిన్నమైన కథ కూడా ఒకటి చెప్పవలసి ఉన్నది. 2011 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని హెర్షీ చాక్లెట్ల ప్యాకింగ్ కేంద్రంలో, వేసవి పని వీసాపై వివిధ దేశాలనుండి వచ్చిన వందలాది విద్యార్థులు పని మాని బయటికి నడిచారు. బరువులెత్తే రాత్రి షిఫ్టులు, అద్దె పేరిట కూలిలో కోతలు వారి ఫిర్యాదులు. అక్కడి కార్మిక సంఘాలు వెంట నిలిచినవి. మరుసటి సంవత్సరం అమెరికా ప్రభుత్వం ఆ వీసా నిబంధనలను కఠినతరం చేసినది. పరదేశంలో, మూడు నెలల కూలివాడు సమ్మె చేయగలిగాడు!

కనుక సభ్యులు బిడ్డ వేసవి కూలిని ఆదాయపు పద్దులో వేయక, మిగులుగా మాత్రమే చూడాలి. కొత్త పింఛను పథకంలో ఉన్నవారు పిల్లల పైచదువుకై తమ వాటా సొమ్ములో 25 శాతం వరకు తీసుకొనే వీలున్నది; వడ్డీ వ్యాపారి గడప తొక్కుటకు ముందు ఆ దరఖాస్తు సంగతి చూడవలెను. పనికి చేరిన బిడ్డ ప్రతి వారపు గంటలను తన సొంత పుస్తకంలో వ్రాసుకోవాలి, వేతన చీటీ అడిగి తీసుకోవాలి. అమెరికాలో విద్యార్థి వీసాదారులు మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు చెల్లించనక్కరలేదు. చీటీలో ఆ కోత కనిపించినచో యాజమాన్యాన్ని అడిగి వాపసు పొందవచ్చు.